తెల్ల దీపం కింద వంకాయ రంగు

చీర నచ్చిన తర్వాత కూడా దాన్ని దుకాణం గుమ్మం దాకా తెచ్చి, బయటి వెలుతురులో తిప్పి తిప్పి చూసే ఆడవాళ్ళు ఉంటారు. వెనక నిలబడిన మొగుళ్ళు విసుక్కుంటారు. ఫోనులో బొమ్మ చూసి కొనేసే మీ వయసు వాళ్ళకైతే అది ఒట్టి చాదస్తంగా కనిపిస్తుంది. నాకు మాత్రం అలాంటి ఆవిడ ఎదురుపడితే లేచి దండం పెట్టాలనిపిస్తుంది. ఎందుకో చెబుతాను. ఇందులో మీరు నేర్చుకోదగ్గ నీతి ఏమైనా ఉందేమోనని నేను చాలాకాలం వెతికాను. దొరకలేదు. జరిగింది మాత్రం చెప్పగలను.

నేను ధర్మవరంలో ఒక చేనేత సొసైటీలో చీరలు పరీక్షించే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. నేతగాళ్ళు మగ్గం నుంచి కోసి తెచ్చిన పట్టుచీరను మా ఆఫీసు వసారాలో వెదురుబొంగు మీద పరిచి, పోగు తెగిందా, అంచు వంకర పోయిందా, ఎక్కడైనా మరక పడిందా అని చూడటం నా పని. బాగుంటే ముద్ర వేస్తాను. ముద్ర పడిన చీర దుకాణానికి పోతుంది. పడనిది నేతగాడి నెత్తిన పడుతుంది. మా నాయన కూడా మగ్గం గుంతలో కూర్చుని నడుం వంచినవాడే కాబట్టి ఆ బరువు నాకు తెలుసు. తెలిసి కూడా చేయవలసిన ఉద్యోగం అది.

కరెంటు కోతలు విపరీతంగా ఉన్న ఆ సంవత్సరాలు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. పొద్దున ఒక విడత, మధ్యాహ్నం ఒక విడత, దీపాలు పెట్టే వేళకు ఇంకొకటి. రాత్రి కోత సంగతి సరే, పగటి కోతతో నేతగాడికేం బాధ అని బయటి ఊరివాళ్ళు అడిగేవారు. మా ఇళ్ళు చూసినవాళ్ళు అడగరు. గోడకు గోడ ఆనుకుని వరసగా ఇళ్ళు. మగ్గం ఉన్న గదికి కిటికీ ఉండదు. ఉన్నా తెరవరు. మా మిట్టనేల గాలి సంగతి తెలిసిందే, కిటికీ తెరిస్తే ఎర్రదుమ్ము వచ్చి పట్టు మీద కూర్చుంటుంది. అందుకని నడి మధ్యాహ్నం కూడా మగ్గం మీద బల్బు వెలగాల్సిందే. బల్బు ఆరిందంటే గుంతలో కూర్చున్న మనిషి కాళ్ళు ముడుచుకుని పైకి రావడమే.

సొసైటీ నేతగాళ్ళకు ఏదో ఒక దీపం ఇవ్వాలని నిర్ణయమైంది. ఏ దీపమన్నదే ప్రశ్న. మా సెక్రటరీ తాడిపత్రి నుంచి వచ్చినవాడు, నాకంటే చిన్నవాడు, చురుకైనవాడు. ఆఫీసులో కూర్చుని తేల్చే పని కాదిది, మగ్గం ముందు పెట్టి చూద్దాం అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. చూడటానికి ఒక ఇల్లు ఎంచుకున్నాం. ఆయన మా సొసైటీలో అందరికంటే నాణ్యంగా నేసేవాడు. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలిచేవాడిని. ఆయన భార్య రాట్నం దగ్గర కూర్చుని పట్టును కండెలకు చుట్టేది. ఆమె నాకు వదిన వరస. రంగుల విషయంలో ఆమెది గొప్ప చూపు. రంగు వేసిన పట్టుదారపు చుట్టను, మేం చిలప అంటాం, చేత్తో పట్టుకుని, పోయిన యేడు ఫలానా చీరలో వచ్చిన పచ్చ కంటే ఇది కొంచెం తేలికని చెప్పేది. నేను ఆఫీసులో ఉన్న పాత ముక్క తీసి చూస్తే ఆమె చెప్పినట్టే ఉండేది.

మొదట లాంతరు పెట్టాం. రేషను కిరసనాయిలు అప్పట్లో ఇంకా దొరికేది, కాబట్టి అదే సులువనుకున్నాం. లాంతరు వెలుగు ఎర్రగా, తక్కువగా ఉండి అంచు దాకా అందదు. ఇంకొంచెం ఒత్తి పెంచితే చిమ్నీ నల్లబడి మసి రేణువులు ఎగురుతాయి. ఒకే ఒక రేణువు వచ్చి జరీ మీద వాలింది. అన్న నోటితో ఊదాడు గానీ చేత్తో ముట్టలేదు. ముట్టుకుంటే మసి గీత పడుతుంది.

"ఇది తీసెయ్ అప్పా," అన్నాడు. "మసి సంగతి అట్ల పెట్టు, వాసన యాడికి పోతాది? పోయిన నెల పక్కింటోళ్ళ చీర దుకాణమోళ్ళు వాసన చూసి తిప్పి పంపినారు. కిరసనాయిలు డబ్బాలో పెట్టి పంపినారా అని అడిగినారంట."

తర్వాత పెట్రోమాక్సు. పెళ్ళి ఊరేగింపుల్లో వాడేది ఒకటి అద్దెకు తెచ్చాం. వెలుగుకు వంక పెట్టడానికి లేదు, గది గదంతా పట్టపగలైపోయింది. కానీ ఆ చిన్న గదిలో, ఆ ఎండాకాలంలో, తల పక్కన కొలిమి పెట్టుకున్నట్టే. చెమట బొట్టు పడితే పట్టు మీద మచ్చ. అన్న పావుగంట నేసి, తువ్వాలుతో మొహం అదిమి పట్టుకుని పైకి వచ్చేశాడు. కానగనూనె దీపం మంచిదని ఒక పెద్దాయన చెబితే అదీ చూశాం. పొగ కళ్ళలో పడింది. కొవ్వొత్తి వద్దని అందరూ ముందే అన్నారు, మైనం బొట్టు పడితే చీర గతి అంతే. ఇన్వర్టరు పెడదామంటే అది నిండటానికే కరెంటు చాలదు.

చివరికి సెక్రటరీ ఒక ఎండదీపం తెచ్చాడు. పలక ఒకటి మిద్దె మీద ఎండలో పెడితే చార్జి అవుతుంది, దీపం లోపల వేలాడదీసుకోవచ్చు. పొగ లేదు, వాసన లేదు, వేడి లేదు, నూనె పోసే పని లేదు. మా అనంతపురం జిల్లాకు దేవుడు వాన ఇవ్వలేదు గానీ ఎండకు లోటు చేయలేదు కదా అని అందరం నవ్వుకున్నాం. దీపం పాలలా తెల్లగా వెలిగింది. అంతకుముందు ఏ దీపంలోనూ కనిపించని పోగు దీనిలో కనిపించింది. నేను నల్లటి పడుగులో కావాలని ఒక పోగు తెంపించి, ఎక్కడుందో చూపమన్నాను. అన్న వెంటనే వేలు పెట్టి చూపించాడు.

"ఇదే కావల్ల సార్," అన్నాడు సెక్రటరీతో. "ఇది ఇస్తే కరెంటోళ్ళకు దండం పెట్టి ఇంటికి పంపిస్తాం."

వదిన వంటింటి గడపలో నిలబడి, "సందమామను తెచ్చి కట్టినట్టుండాది," అంది.

పోగు చూశాం, మసి చూశాం, వేడి చూశాం. రంగు చూడాలని ఆ రోజు ఆ గదిలో ఉన్న ఎవరికీ తట్టలేదు. రంగుల మధ్య పుట్టి పెరిగిన వాళ్ళం మేము. నీళ్ళలో ఉన్న చేపను నీళ్ళ గురించి ఎవరు అడుగుతారు? అందరి మగ్గాలకూ అవే దీపాలు వచ్చాయి. కొన్నాళ్ళు ఊపిరి పీల్చుకున్నాం.

ఆషాఢంలో బెంగుళూరు దుకాణం నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. శ్రావణంలో ఒక పెళ్ళికి రెండు వైపుల ఆడవాళ్ళందరికీ ఒకే రంగు చీరలు కావాలన్నారు. వంకాయ రంగు, బంగారు అంచు. ఆ యేడు ఊళ్ళో సగం మగ్గాలకు పని లేదు. దాంతో సెక్రటరీ ఆ ఆర్డరును పసిపాపను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. అన్నతో పాటు నాణ్యంగా నేసే మరికొన్ని ఇళ్ళకు పంచాం.

సగంలో పేకకు పట్టు చాలలేదు. మళ్ళీ రంగు వేయించాల్సి వచ్చింది. ఈలోగా రంగులు వేసే మేస్త్రి బోరు ఎండిపోయింది. ఆయన ట్యాంకరు నీళ్ళు తెప్పించి వేశాడు. నీళ్ళు మారితే రంగు మారుతుంది. మేస్త్రి దాచలేదు, స్వయంగా వచ్చి చెప్పాడు.

"రెండో తూరి వేసింది రవ్వంత ఎర్రగా తిరిగినాది సార్. ఒక చీరకు పాతదే, ఇంకో చీరకు కొత్తదే వాడమనండి. రెండూ కలపొద్దని చెప్పండి."

చెప్పాం. ఇంటింటికీ చెప్పాం. కలపకుండా చూసుకోండి అని చెప్పాం.

మీరు ఆ ఇంట్లో ఉన్నారనుకోండి. బయట ఆషాఢం గాలి, రోడ్డు మీద దుమ్ము సుడులు తిరుగుతోంది. పట్టు బయటికి తీసే వీలు లేదు. లోపల కరెంటు లేదు, తెల్ల దీపం వెలుగుతోంది. వదిన పాత చిలప ఒక చేత్తో, కొత్త చిలప ఒక చేత్తో పట్టుకుని దీపం కింద పెట్టి చూసింది. తేడా కనిపించలేదు. మొగుణ్ణి పిలిచి చూపింది. ఆయనకూ కనిపించలేదు. మేస్త్రి ఊరికే భయపడుతున్నాడనుకున్నారు. ఏ చీరకు పట్టు తక్కువ పడితే దానికి రెండోది కలిపి కండెలు చుట్టేసింది. ఈ మాట ఆమే తర్వాత నాకు చెప్పింది. మిగిలిన ఇళ్ళలోనూ కొంచెం అటూ ఇటూగా ఇదే జరిగింది.

నేసేటప్పుడైనా తెలియదా అంటారు. నేసిన బట్ట నేసినట్టే మగ్గం ముందున్న కర్రకు చుట్టుకుపోతుంది. కంటి ముందు ఉండేది జానెడు మేర, అదీ ఆ తెల్ల దీపం కిందే; అది వచ్చాక కరెంటున్నా బల్బు వేయడం మానేశారు. మొత్తం చీర విప్పి చూడటం అంటూ ఉంటే అది నా వసారాలోనే.

ఆ ఉదయం అన్న అందరికంటే ముందు వచ్చాడు. తెల్లబట్టలో చుట్టిన చీరను రెండు చేతులతో అందించాడు. ఆయన వెనకే వదిన కూడా వచ్చింది. అంత మంచి చీర నేసినప్పుడు ఆమె చూడటానికి వచ్చేది. గాలి తగ్గి ఎండ బాగా కాస్తోంది. నేను వెదురు మీద చీర పరిచాను.

నడుము దగ్గర, సరిగ్గా కుచ్చిళ్ళు వచ్చే చోట, ఒక పట్టీ. చీర వంకాయ రంగు, ఆ పట్టీ మాత్రం ఎర్రబారిన దానిమ్మ తొక్కలాగా. దాని తర్వాత మళ్ళీ వంకాయ రంగు. కొంగు దగ్గర మళ్ళీ పట్టీ.

 అన్న తనే చూశాడు. చీర దగ్గరికి వంగి, వేలితో ఆ పట్టీ మొదలైన చోటు తడిమాడు.

"ఎండ ఎక్కువై అట్ల కనపడ్తాంది," అన్నాడు. "లోపలికి పట్టుకరా అప్పా."

లోపల, పగటి వెలుతురు చొరని ఆఫీసు గదిలో కూడా అదే తెల్ల దీపం వెలుగుతోంది. బల్ల మీద చీర పరిచాం. పట్టీ మాయమైపోయింది. మొత్తం ఒకే రంగు, ఏకరీతిగా. ఆయన మొహంలోకి నెత్తురు తిరిగి వచ్చింది.

"చూస్తివా? ఏముండాది ఈడ? ఏమీ లే."

చీర తీసుకుని ఆయనే వసారాలోకి వెళ్ళాడు. పట్టీ వచ్చింది. మళ్ళీ లోపలికి వచ్చాడు. పోయింది. అలా ఎన్నిసార్లు తిరిగాడో నేను లెక్క పెట్టలేదు. ప్రతిసారీ గడప దగ్గర కాసేపు ఆగేవాడు. వదిన మాత్రం వసారాలోనే నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చీర బయటికి వచ్చినప్పుడల్లా చూస్తోంది. లోపలికి ఒక్కసారి కూడా రాలేదు.

మిగతా వాళ్ళు ఒక్కొక్కరూ వచ్చారు. ఒక చీర బాగుంది. మిగతావన్నీ పట్టీలే. ఎవరిది విప్పినా పక్కవాడు తన చీరను ఇంకొంచెం గట్టిగా పట్టుకునేవాడు. 

సెక్రటరీ నన్ను లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. అతను చెడ్డవాడు కాదు. 

"అన్నా, బెంగుళూరు దుకాణంలో ఏ లైట్లుండాయో తెలుసా? ఇట్లాంటి తెల్లవే. అద్దాల గది, పగలు కూడా లైట్లే. ఆడ ఎవురికీ కనపడదు. ముద్ర వెయ్."

"పెళ్ళి ఎండలో జరుగుతాది సార్."

"అప్పటికి చీర మనది కాదన్నా."

"పైన ముద్ర మనదే కదా."

అతను కుర్చీలో కూలబడ్డాడు. "నువ్వు ముద్ర వెయ్యకపోతే ఆ పెళ్ళి ఆడోళ్ళకు ఇంకో దుకాణం ఉండాది. వీళ్ళకు ఇంకేం ఉండాది? బయట నిలబడిన మొహాలు చూసి చెప్పు."

 నేను ముద్ర వేయలేదు. వేసి ఉంటే ఏమయ్యేదో చాలాసార్లు ఊహించుకున్నాను. పెళ్ళి పందిట్లో చీరలన్నిటి మీదా పట్టీలు బయటపడి, దుకాణంవాడు మా ఊరి పేరు ఎత్తితేనే చెవులు మూసుకుని ఉండేవాడు. అలా జరిగేదని నాకు దాదాపు ఖాయంగా తెలుసు. అయినా ముద్ర వేయకుండా బయటికి వచ్చినప్పుడు న్యాయం చేశానన్న తృప్తి ఏమీ కలగలేదు. అన్న నా చేతుల వైపు చూశాడు. ముద్ర లేదని అర్థమైంది.

"సరేలే అప్పా," అన్నాడు. "నువ్వేం చేస్తావ్."

ఆర్డరు పోయింది. దీపాలు ఇచ్చిన సొసైటీయే నష్టం పంచుకోవాలని నేను వాదించాను. సెక్రటరీ కూడా వాదించాడు. పైవాళ్ళు వినలేదు. తప్పు పడిన చీరలను చిన్నపిల్లల పట్టు లంగాలకు ముక్కలుగా కొనే వ్యాపారి ఒకడు ఉండేవాడు. అతను వచ్చి మా వసారాలోనే పట్టీ ఉన్న చోటల్లా కత్తెర పెట్టాడు. అన్న తన చీర వంతు వచ్చేవరకూ కూర్చున్నాడు. వచ్చాక కొంగు వైపు చివర తనే పట్టుకున్నాడు, బట్ట బిగుతుగా ఉంటే కోత తిన్నగా వస్తుందని. అంత జాగ్రత్త ఆ వేళప్పుడు ఎందుకో నాకు అర్థం కాలేదు. చేతి అలవాటు కాబోలు.

ఆ తర్వాత ఆయన కొత్త చీర నేయడానికి సొసైటీని మళ్ళీ పడుగు అడగలేదు. రెండు మూడు సార్లు ఇంటికి వెళ్ళి పిలిచాను.

"నీకు తెలీదప్పా," అన్నాడు. "గుంతలో కూసుంటే నేసేది కనపడ్తాంది, కానీ అది నిజమో కాదో తెలీదు. అట్ల ఎట్ల నేయల్ల?"

దసరా ముందు మగ్గం గుంతలో మట్టి పోసి, పైన బండలు పరిపించాడు. ఇద్దరూ బెంగుళూరు వెళ్ళిపోయారు. ఏదో అపార్టుమెంటుకు ఆయన వాచ్‌మన్ అయ్యాడని తెలిసింది. అలా వెళ్ళినవాళ్ళు మా వీధిలో ఆయన ఒక్కడే కాదు కాబట్టి ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఇప్పుడు కరెంటు కోతలు బాగా తగ్గాయి. మగ్గాలు అంతకంటే బాగా తగ్గాయి. పసుపుపచ్చగా వెలిగే దీపాలు కూడా వచ్చాయట, వాటిలో రంగు అంతగా మోసం చేయదట. నేనింకా చూడలేదు. చూసి ఎవరికి చెప్పాలి?

వదిన సంగతి చెప్పి ముగిస్తాను. వెళ్ళేముందు ఆమె ఒక కంటి శిబిరానికి వెళ్ళింది. నేనే తీసుకెళ్ళాను. డాక్టరు పరీక్ష చేసి కళ్ళు శుభ్రంగా ఉన్నాయన్నాడు. దోవ పొడవునా ఆమెకు నచ్చజెప్పాను. దీపంలోనే ఎరుపు తక్కువ వదినా, ఎవరి కళ్ళకైనా అంతే, అందరి ఇళ్ళలో అదే జరిగింది కదా అన్నాను.

"వాళ్ళ సంగతి నాకేల," అంది. "చేతిలో పట్టుకుని చూసింది నేను. రెండు కండ్లతో చూసినాను."

రిటైరైన తర్వాత ఒకసారి పని మీద బెంగుళూరు వెళ్ళినప్పుడు వాళ్ళను చూడటానికి వెళ్ళాను. అపార్టుమెంటు వెనక చిన్న గది. అన్న డ్యూటీలో ఉన్నాడు, యూనిఫాంలోనే వచ్చి పలకరించి మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు. అన్నం తిని పోవాల్సిందేనని వదిన పట్టుబట్టింది. గేటు బయటికి కూరగాయల బండి వస్తే సంచి తీసుకుని బయల్దేరింది. నేనూ వెంట వెళ్ళాను. మంచి ఎండ. ఆమె టమాటాల గుట్టలోంచి ఒకటి తీసి, అటూ ఇటూ తిప్పి, నా చేతికి ఇచ్చింది.

"పండిందా అప్పా ఇది? చూసి చెప్పు."

నిగనిగలాడే ఎర్రటి పండు. పచ్చదనం జాడ కూడా లేదు.

"పండింది వదినా," అన్నాను.

ఆమె తల ఊపి ఆ పండును నా చేతిలోంచి తీసుకుని, బండివాడికి చూపించి, అతన్ని కూడా అడిగింది.